చీలమండ పదేపదే మడతపడుతోందా? ప్రభుత్వ ఆసుపత్రిలో ఏం అడగాలి, ఇంట్లో ఏం చేయాలి

కాలు మడతపడుతుంది. రెండు రోజులు వాస్తుంది. ఒకరు ఉప్పు కాపడం పెట్టమంటారు, ఇంకొకరు కట్టు కట్టించుకోమంటారు. వారం తిరిగేసరికి నొప్పి తగ్గుతుంది, మళ్లీ పనిలో పడిపోతాం. మూడు నెలలు గడిచాక పొలం గట్టు మీదో, బస్సు దిగుతూనో, మెట్ల దగ్గరో అదే కాలు మళ్లీ మడతపడుతుంది. ఆ తర్వాత ఇంకోసారి. ‘నాకు ఆ కాలు కాస్త వీకు’ అంటూ చాలామంది సర్దుకుపోతారు.

సర్దుకుపోవాల్సిన అవసరం లేదు. ఈ సమస్యకు వైద్యంలో ఒక పేరుంది. చీలమండ అస్థిరత, ఇంగ్లిష్‌లో క్రానిక్ యాంకిల్ ఇన్‌స్టెబిలిటీ అంటారు. చాలామందిలో ఆపరేషన్ లేకుండా వ్యాయామాలతోనే ఇది అదుపులోకి వస్తుంది. ఆ వ్యాయామాలకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. సరిగ్గా నేర్పేవారు ఉండాలి, నేర్చుకున్నది ఆరు నుంచి పన్నెండు వారాలు వదలకుండా చేయాలి.

ఈ సేవ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కడ దొరుకుతుంది? రోజూ ఆసుపత్రికి వెళ్లలేనివారు ఏం చేయాలి? పనికి ఎప్పుడు వెళ్లొచ్చు?

బెణుకు తగ్గాక కూడా కాలు ఎందుకు నిలవదు?

చీలమండ బయటివైపు మూడు లిగమెంట్లు ఉంటాయి. ఇవి ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలు. అడుగు వంకరగా పడి పాదం లోపలికి తిరిగినప్పుడు ఒంటి బరువు వీటి మీద పడుతుంది. మూడింటిలో ముందువైపు ఉన్నదే ఎక్కువగా సాగుతుంది, లేదా తెగుతుంది. కాలు బెణికిందని మనం అనేది చాలావరకు ఈ దెబ్బనే.

లిగమెంటు పని ఎముకలను కట్టి ఉంచడంతో అయిపోదు. పాదం ఏ వంపులో ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు లిగమెంట్లలోనూ, చుట్టూ ఉన్న కండరాల్లోనూ ఉంటాయి. చీకట్లో నడుస్తూ చిన్న గుంతలో అడుగు వేసినా మనం తమాయించుకోగలిగేది ఈ సమాచారం వల్లే. పాదం ఒరుగుతోందన్న కబురు అందగానే పిక్క బయటివైపు ఉన్న కండరాలు బిగుసుకుని దాన్ని నిలబెడతాయి. కాలు బెణికినప్పుడు ఈ కబురు మందగిస్తుంది, ఆ కండరాలు బలం కోల్పోతాయి. వాపు, నొప్పి తగ్గినా చాలామందిలో ఈ రెండు లోపాలు అలాగే మిగిలిపోతాయి.

బ్రిటన్‌కు చెందిన ఎముకల సర్జన్ ఫ్రీమన్ 1965లోనే ఈ విషయాన్ని గుర్తించారు. కీలు వదులుగా లేకపోయినా కొందరు కాలు వదిలేస్తోందని చెప్పడం ఆయన గమనించారు. ఒరిగే చెక్క పలక మీద నిలబెట్టి శిక్షణ ఇస్తే ఆ ఇబ్బంది తగ్గుతోందని చూపారు. ఇప్పటి ఫిజియోథెరపీలో కనిపించే బ్యాలెన్స్ బోర్డు వెనక ఉన్న ఆలోచన ఇదే.

తొలిసారి చీలమండ బెణికినవారిలో దాదాపు 40 శాతం మంది వరకు ఏడాది తర్వాత కూడా అస్థిరతతో ఇబ్బంది పడుతున్నట్లు పరిశోధనలు చెబుతున్నాయి. పట్టించుకోకుండా వదిలేస్తే లోపలి మృదులాస్థి దెబ్బతిని, కొన్నేళ్లకు కీలు అరిగిపోయే ప్రమాదం ఉంది. మోకాళ్ల అరుగుదలకు వయసే పెద్ద కారణం. చీలమండ అరుగుదల మాత్రం ఎక్కువమందిలో పాత దెబ్బల వల్లే వస్తుంది. అందుకే అది చిన్న వయసులోనే కనిపిస్తుంది.

నాది అస్థిరతేనా?

ఈ సమస్యపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లో కొన్ని కొలమానాలు ఇచ్చింది. పరిశోధనల కోసం రూపొందించినవైనా, మనల్ని మనం చూసుకోవడానికీ పనికొస్తాయి.

- కనీసం ఏడాది కిందట ఒకసారి గట్టిగా బెణికి, వాపు వచ్చి, ఒక రోజైనా మామూలు పనులు ఆగిపోవడం.
- గత ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు కాలు వదిలేసినట్లు అనిపించడం, లేదా అదే కాలు మళ్లీ బెణకడం.
- ఎగుడుదిగుడు నేల మీద, మెట్లు దిగేటప్పుడు ఆ కాలిని నమ్మలేకపోవడం.

ఇంట్లో మరో చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గోడ పక్కన నిలబడి, ముందు మంచి కాలి మీద, తర్వాత దెబ్బ తగిలిన కాలి మీద 30 సెకన్లు నిలవండి. రెండింటి మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తే, ఆ కాలికి శిక్షణ అవసరమని అర్థం.

ముందు తేల్చుకోవాల్సింది: ఎముక విరిగిందా?

కొత్తగా దెబ్బ తగిలినప్పుడు వ్యాయామాల కంటే ముందు ఈ ప్రశ్న తేలాలి. దీనికి ప్రపంచమంతా వాడే తేలికైన పద్ధతి ఒకటుంది. కెనడాలోని ఒట్టావాలో 1992లో రూపొందింది కాబట్టి ఒట్టావా నియమాలు అంటారు. నొప్పితో పాటు కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

- చీలమండకు లోపల, బయట పొడుచుకొచ్చినట్లు ఉండే ఎముకల వెనక అంచున గానీ, కొసన గానీ నొక్కితే నొప్పి.
- పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద నొక్కితే నొప్పి.
- పాదం లోపలి వంపు పైన ఉండే ఎముక మీద నొక్కితే నొప్పి.
- దెబ్బ తగిలిన వెంటనే, ఆసుపత్రికి వచ్చాక కూడా నాలుగు అడుగులు వేయలేకపోవడం.

చిన్న పిల్లలకు, మద్యం మత్తులో ఉన్నవారికి, పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఈ నియమాలు సరిపోవు. ముఖ్యంగా షుగర్ ఉన్నవారు గమనించాలి. నరాలు దెబ్బతింటే ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. పాదం ఎర్రబడి, వేడిగా, వాచి ఉంటే బెణుకే కదా అనుకుని కట్టు కట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

విరగలేదని తేలేదాకా నూనె మర్దనా, మెలితిప్పి సరిచేయడం లాంటివి వద్దు. ఊళ్లో నాటు కట్టు కట్టించుకున్నా, వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించి ఆసుపత్రికి వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం: మొదటి పరీక్ష, నొప్పి మాత్రలు, పై ఆసుపత్రికి చీటీ ఇక్కడ దొరుకుతాయి. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉంటే బస్తీ దవాఖానాకు వెళ్లొచ్చు. వెళ్లడానికి వీల్లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లో ఉచితంగా డాక్టరుతో మాట్లాడొచ్చు. అయితే ఎముక విరిగిందేమోనన్న అనుమానం ఉంటే నేరుగా చూపించుకోవడమే మంచిది.

ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి: ఎముకల డాక్టరు, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ మూడూ ఒకేచోట దొరికే అవకాశం ఇక్కడ ఎక్కువ. ఓపీ చీటీ తీసుకుని ముందు ఆర్థోపెడిక్ విభాగంలో చూపించుకోవాలి. అక్కడి డాక్టరు రాసిస్తే ఫిజియోథెరపీ గదికి పంపుతారు. రాయకపోతే మీరే అడగండి.

బోధనాసుపత్రులు: హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, వరంగల్‌లో ఎంజీఎం, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు సర్వజన ఆసుపత్రులు, తిరుపతిలో రుయా లాంటివి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ల చికిత్సకే ప్రత్యేకం. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో పునరావాస వైద్య విభాగాలు ఉన్నాయి.

ఈఎస్‌ఐ: ఈఎస్‌ఐ కార్డు ఉన్న కార్మికులు, వారి కుటుంబ సభ్యులు ముందు తమ డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడి నుంచి ఈఎస్‌ఐ ఆసుపత్రికి రిఫరల్ తీసుకోవాలి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల కోసం ఉన్నవి. ఓపీలో రోజూ వచ్చిపోయే ఫిజియోథెరపీకి ఆ కార్డుల మీద ఆశ పెట్టుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడమే దారి.

రోజూ ఆసుపత్రికి రాలేను, ఎలా?

చాలామంది చికిత్స మధ్యలో ఆగిపోయేది ఇక్కడే. ‘పది రోజులు వరసగా రండి’ అంటారు. ఊరి నుంచి రానుపోను బస్సు ఛార్జీ, పోయిన కూలి లెక్కేసుకుంటే మూడో రోజుకే మానేస్తారు. పైగా ప్రతి ఆసుపత్రిలోనూ ఫిజియోథెరపిస్టు ఉండరు. ఉన్నచోట కూడా పక్షవాతం, మోకాళ్లు, నడుము నొప్పి కేసులతో గది నిండిపోయి ఉంటుంది.

ఊరట కలిగించే విషయం ఏమిటంటే, ఈ సమస్యలో అసలు మందు ఇంట్లో చేసే వ్యాయామమే. నెదర్లాండ్స్‌లో చీలమండ బెణికిన 522 మంది క్రీడాకారులపై ఒక అధ్యయనం చేశారు. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని ప్రచురించింది. సగం మందికి మామూలు చికిత్స ఇచ్చారు. మిగతా సగం మందికి దాంతోపాటు ఇంట్లో సొంతంగా చేసుకునే ఎనిమిది వారాల బ్యాలెన్స్ వ్యాయామాలు ఇచ్చారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంటకు మించకుండా. పక్కన పర్యవేక్షించేవారు ఎవరూ లేరు. ఏడాదిలో మళ్లీ కాలు బెణికినవారు మామూలు చికిత్స పొందినవారిలో 33 శాతం, వ్యాయామాలు చేసినవారిలో 22 శాతం. మొదటి దెబ్బకు వైద్యం చేయించుకోనివారికి ఈ వ్యాయామాలు మరింత మేలు చేశాయి.

కాబట్టి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లిన రోజు ఈ నాలుగు అడగండి.

1. నా చీలమండలో లోపం ఎక్కడుంది? కీలు బిగుసుకుందా, కండరం బలహీనపడిందా, బ్యాలెన్స్ తగ్గిందా?
2. ఇంట్లో చేసుకునే వ్యాయామాలు ఏవి, ఎన్నిసార్లు, ఎన్ని వారాలు? కాగితం మీద రాసివ్వండి.
3. మీ ముందు ఒకసారి చేసి చూపిస్తాను, తప్పుంటే సరిచేయండి. ఫోన్‌లో వీడియో తీసుకోవచ్చా?
4. మళ్లీ ఎప్పుడు రావాలి? రెండు, నాలుగు, ఎనిమిది వారాలకు ఒకసారి వస్తే సరిపోతుందా?

ఇలా అడిగితే పది ప్రయాణాలు మూడు నాలుగుకు తగ్గవచ్చు.

ప్రైవేటు సెంటర్‌కు వెళ్తే, చికిత్స చేసేవారు బీపీటీ లేదా ఎంపీటీ చదివారో లేదో తెలుసుకోండి. ఫిజియోథెరపిస్టుల చదువును, రిజిస్ట్రేషన్‌ను క్రమబద్ధం చేయడానికి కేంద్రం 2021లో జాతీయ చట్టం తెచ్చింది. అర్హత గురించి అడగడం రోగి హక్కు, అందులో మొహమాటం అక్కర్లేదు.

కరెంటు పెట్టించుకుంటే తగ్గదా?

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడం, మైనం కాపడం, అల్ట్రాసౌండ్ అనే అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. నొప్పి నుంచి కాసేపు ఉపశమనానికి కొన్ని పనికిరావచ్చు. కానీ తాజా బెణుకుకు అల్ట్రాసౌండ్ చికిత్సతో చెప్పుకోదగ్గ లాభం లేదని కాక్రేన్ సంస్థ సమీక్షలో తేలింది. కండరానికి బలం, పాదానికి బ్యాలెన్స్ యంత్రం తెచ్చివ్వలేదు. వరసగా సెషన్లు జరుగుతున్నా ఒక్క వ్యాయామం కూడా నేర్పకపోతే, ఆ సంగతి అడగాల్సిందే.

ఇంట్లో వ్యాయామాలు: దశలవారీగా

ఎముక విరగలేదని డాక్టరు చెప్పాకే ఇవి మొదలుపెట్టాలి. కింద చెప్పిన రోజులు ఉజ్జాయింపు మాత్రమే, దెబ్బ తీవ్రతను బట్టి మారతాయి.

తొలి మూడు రోజులు: క్రేప్ బ్యాండేజీ చుట్టి, పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టండి. ఐస్‌ను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. వేడి కాపడం, మర్దనా, మద్యం వద్దు. పూర్తిగా మంచానికే పరిమితం కావద్దు. ఓర్చుకోగలిగినంత బరువు మోపుతూ, అవసరమైతే చేతికర్ర సాయంతో నాలుగడుగులు వేయండి.

మొదటి, రెండో వారాలు: కీలు బిగుసుకోకుండా చూడటమే లక్ష్యం. కూర్చుని పాదాన్ని పైకి, కిందికి 20 సార్లు కదపండి. బొటనవేలితో గాల్లో అ, ఆ, ఇ, ఈ రాయండి. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించే ప్రయత్నం చేయండి. గొంతుకూర్చోవడం, కింద కూర్చుని లేవడం మళ్లీ తేలికవ్వాలంటే ఈ వంపు తిరిగి రావాలి.

రెండు నుంచి నాలుగు వారాలు: బలం పెంచాలి. సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చుకోండి. ఒక కొసను మంచం కోడుకు కట్టి, రెండో కొసను పాదం ముందు భాగానికి తగిలించండి. కోడు మంచి కాలి వైపు ఉండేలా కూర్చుని, మడమను కదపకుండా పాదాన్ని మెల్లగా బయటికి లాగి, మెల్లగా వదలండి. పదిహేను చొప్పున మూడు విడతలు చేయాలి. ఆపైన గోడ పట్టుకుని రెండు కాళ్ల మునివేళ్ల మీద లేవండి. అలవాటయ్యాక ఒక్క కాలి మీద.

మూడు నుంచి ఎనిమిది వారాలు: బ్యాలెన్స్. గోడకు చేరువలో, జారని నేల మీద ఒంటికాలిపై 30 సెకన్లు నిలవండి. అది తేలికయ్యాక తల అటూ ఇటూ తిప్పుతూ, ఆపైన కళ్లు మూసుకుని. తర్వాత మడతపెట్టిన దుప్పటి మీద, దిండు మీద. చివరికి ఒంటికాలిపై నిలబడి రెండో కాలిని ముందుకు, పక్కకు, వెనక్కి వీలైనంత దూరం చాచండి. వారానికి కనీసం మూడు రోజులు చేయాలి. వృద్ధులు, తల తిరిగే సమస్య ఉన్నవారు ఎవరినైనా పక్కన పెట్టుకోవాలి, కళ్లు మూసుకుని చేయకూడదు.

ఆరు వారాల తర్వాత: పరుగెత్తాల్సినవారు, ఆటలాడేవారు, బరువులు మోసేవారు ఇంకో మెట్టు ఎక్కాలి. చిన్న గెంతు వేసి కదలకుండా దిగడం, ఎనిమిది అంకె ఆకారంలో పరుగెత్తడం, పరుగులో దిశ మార్చడం నేర్చుకోవాలి.

వ్యాయామం చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉండొచ్చు. మర్నాడు పొద్దునకి వాపు పెరిగితే కిందటి దశకు వెళ్లండి. నొప్పి రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే, కీలు మధ్యలో ఇరుక్కుపోయినట్లు పట్టేస్తుంటే, పాదం తిమ్మిరెక్కితే ఆపేసి డాక్టరును కలవాలి.

పనికి, ఆటకు ఎప్పుడు వెళ్లొచ్చు?

నొప్పి లేకపోవడం ఒక్కటే గుర్తు కాదు. దెబ్బ తగిలిన కాలు మంచి కాలితో సమానంగా నాలుగు పనులు చేయగలగాలి. ఒంటికాలిపై నిలవడం, మునివేళ్ల మీద లేవడం, మోకాలిని గోడకు తాకించడం, భయం లేకుండా గెంతడం. కబడ్డీ, వాలీబాల్ ఆడేవారు, కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యేవారు తేదీ దగ్గరపడిందని ఈ పరీక్ష దాటకుండానే మైదానంలోకి దిగితే మళ్లీ మొదటికొస్తుంది. ఆటల్లోకి తిరిగి వెళ్లాక కొన్ని నెలలపాటు లేసులతో బిగించే బ్రేస్ వాడితే మళ్లీ బెణికే ముప్పు తగ్గుతుంది. అయితే బ్రేస్ ఉంది కదా అని వ్యాయామం మానకూడదు.

జీతం పోతుందన్న భయమే చాలామందిని తొందరపెడుతుంది. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉండి ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి ఇక్కడ ఒక రక్షణ ఉంది. పని చేస్తుండగా దెబ్బ తగిలి, ఆ రోజు కాకుండా కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే, తాత్కాలిక అశక్తత ప్రయోజనం కింద వేతనంలో 90 శాతం వస్తుంది. దీనికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న నిబంధన లేదు. పని బయట బెణికితే, చందా షరతులకు లోబడి, అనారోగ్య ప్రయోజనం కింద 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. రెండింటికీ ఈఎస్‌ఐ డాక్టరు ధ్రువపత్రం కావాలి. పనిలో దెబ్బ తగిలితే అదే రోజు యాజమాన్యానికి చెప్పి ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. బెణుకే కదా అని వదిలేస్తే తర్వాత నిరూపించుకోవడం కష్టం.

రోజు కూలీలకు ఇలాంటి ఆసరా లేదు. వారు కనీసం మొదటి రెండు మూడు వారాలు మెట్లెక్కి బరువులు మోయడం, గట్ల మీద నడవడం తప్పించుకుని చదునైన నేల మీద పని చూసుకోవాలి. మడమ వెనక పట్టీ లేని వదులు చెప్పులకు బదులు పాదాన్ని పట్టి ఉంచే చెప్పులో, బూట్లో వేసుకోవాలి.

ఆపరేషన్ ఎప్పుడు?

మూడు నుంచి ఆరు నెలలు వ్యాయామాలు సక్రమంగా చేసినా కాలు వదిలేస్తుంటే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. లిగమెంట్లు, మృదులాస్థి ఎలా ఉన్నాయో చూడటానికి ఎంఆర్‌ఐ తీస్తారు. ఎక్కువగా చేసేది సాగిన లిగమెంటును బిగించి మళ్లీ ఎముకకు కుట్టే బ్రోస్ట్రామ్ పద్ధతి. స్వీడన్ సర్జన్ బ్రోస్ట్రామ్ 1966లో దీన్ని వివరించారు. అది మీ పథకం పరిధిలోకి వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్రను ముందే అడగండి. ఆపరేషన్ అయ్యాక కూడా ఇవే వ్యాయామాలు మళ్లీ నెలల తరబడి చేయాల్సి ఉంటుంది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, ఆధార్, ఈఎస్‌ఐ లేదా ఆరోగ్య పథకం కార్డు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. కాలు మొదటిసారి ఎప్పుడు మడతపడింది, ఆ తర్వాత ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ అన్నది ఒక కాగితం మీద రాసుకుంటే డాక్టరు పని సులువవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మీ చేతిలో మందుల చీటీతో పాటు వ్యాయామాల కాగితం కూడా ఉండేలా చూసుకోండి.